ఆరు కాలాలు, ఆరు నవలలు

గత మాసంలో ఒక గ్రామ గ్రంథాలయ కార్యదర్శి మా కేంద్రానికి ఉత్తరం వ్రాసినారు. ఆ ఊరి యువకులు, గృహిణులు కొందరు కలిసి ఒక పఠన దీక్ష పూనినారట. ఆరు మాసాలు, మాసానికి ఒక నవల. ప్రతి నవలా చారిత్రకమై ఉండవలెను. అందులో ప్రణయ కథ ఉండవలెను. ఏ రెండు నవలలూ ఒకే కాలానికి చెందరాదు. పట్టిక తయారు చేసి పంపవలసినదని వారి కోరిక.

ఇంతవరకు పని సులభమే. కాని ఉత్తరం చివర మరొక సంగతి ఉన్నది. గ్రంథాలయ సంఘంలోని పెద్ద ఒకరు, ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయులు, ఈ దీక్షకు సమ్మతించుట లేదు. నవల చదివినవారు నవలనే చరిత్ర అనుకొంటారనీ, ఒకసారి మనస్సులో నాటుకొన్న కల్పనను తరువాత ఏ శాసనమూ పెకలించలేదనీ, చరిత్ర కావలసినవారు చరిత్రనే చదువుకోవలెననీ వారి వాదం. వారు కాదంటే పుస్తకాలు బీరువా దాటి రావు. కనుక మేము పంపవలసినది పట్టిక మాత్రమే కాదు, ఆ పెద్దలకు సమాధానం కూడ.

చారిత్రక నవల మన దేశంలో పుట్టిన ప్రక్రియ కాదు. స్కాట్లండు దేశీయుడైన వాల్టర్ స్కాట్ 1814లో తన పేరు చెప్పకుండా ప్రకటించిన 'వేవర్లీ' దీనికి దారి తీసినది. 1745లో స్కాట్లండులో జరిగిన తిరుగుబాటు అందులోని వస్తువు. రాజులనూ సేనానులనూ వెనుకకు నెట్టి, ఒక కల్పిత యువకుని ముందు నిలిపి, అతని ప్రేమ ద్వారా, అతని తడబాటుల ద్వారా ఒక కాలాన్ని చూపుట స్కాట్ మార్గం. వంగదేశంలో బంకించంద్రుడు 1865లో ఇదే మార్గంలో 'దుర్గేశనందిని' వ్రాసినారు. అక్బరు కాలంలో మొగలాయిలకూ పఠానులకూ జరిగిన పోరాటం దానికి రంగస్థలం. తెలుగులో చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు 1896లో 'హేమలత' వ్రాసినప్పుడు కథ కోసం రాజపుత్రుల దేశానికి వెళ్ళినారు. తెలుగువారికి తమ చరిత్ర ఇంకను చేతికి అందని రోజులవి.

ఆ కొరతను తీర్చుటకు 1906లో కొమఱ్ఱాజు లక్ష్మణరావు గారు మిత్రులతో కలిసి హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించినారు. చిలుకూరి వీరభద్రరావు గారి 'ఆంధ్రుల చరిత్రము' మొదటి సంపుటాన్ని 1910లో వెలువరించినది ఆ మండలియే. ఆంధ్ర చరిత్రను ఆధారం చేసుకొని వ్రాసిన నవలలకు బహుమతులు ప్రకటించినదీ ఆ మండలియే. శాసనాల విలువ లక్ష్మణరావు గారికి తెలిసినంతగా ఆనాడు తెలిసినవారు అరుదు. అట్టి పరిశోధకుడే నవలను చరిత్రకు శత్రువుగా చూడలేదు. మొహెంజొదారో ప్రాచీనతను గుర్తించిన రాఖాలదాసు బెనర్జీ కూడ వంగభాషలో 'శశాంక', 'ధర్మపాల' అనే చారిత్రక నవలలు వ్రాసినవారే. గ్రంథాలయ పెద్దలు ఈ రెండు నిదర్శనాలను మొదట మనస్సున ఉంచుకోవలెనని మా ప్రార్థన.

ఇక పట్టిక. మేము రెండు నియమాలు పెట్టుకొన్నాము. నవల అచ్చైన సంవత్సరాన్ని బట్టి కాక, కథ జరిగిన కాలాన్ని బట్టి వరుస కూర్చుట మొదటిది. ప్రతి నవలకూ తోడుగా ఒక శాసనమో, శిల్పమో, యాత్రికుని వ్రాతయో ఉండవలెననుట రెండవది. నవలలో చదివినదానిని పాఠకుడు తన కంటితో సరిచూచుకొనే అవకాశం ఉండవలెను గదా!

మొదటి మాసానికి అడివి బాపిరాజు గారి 'హిమబిందు'. ఇది శాతవాహనుల కాలం. బాపిరాజు గారు నవలాకారులే కాదు, చిత్రకారులు. బందరు ఆంధ్ర జాతీయ కళాశాలకు అధ్యక్షులుగా పనిచేసినవారు. నవలలోని నగలు, వస్త్రాలు, రథాలు, వీథులు చిత్రకారుని కన్ను చూచినవి. కథానాయకుడు సువర్ణశ్రీ శిల్పి కావటం కూడ అందుకు తగినట్లే ఉన్నది. ఈ నవలకు తోడు అమరావతి శిల్పాలు. 1797లో కర్నల్ మెకంజీ అమరావతి స్తూపాన్ని చూచిన తరువాత అచ్చటి ఫలకాలు క్రమంగా చెదరిపోయి, పెద్ద భాగం మద్రాసు మ్యూజియానికీ, లండనులోని బ్రిటిష్ మ్యూజియానికీ చేరినవి. వాటి ఛాయాచిత్రాలు ఎదుట పెట్టుకొని నవల చదివితే, వర్ణన ఎచ్చట శిల్పాన్ని అనుసరించినదో, ఎచ్చట ఊహ రెక్కలు విప్పినదో తెలిసిపోతుంది.

రెండవ మాసానికి అదే రచయిత 'అడివి శాంతిశ్రీ'. మూడవ శతాబ్దిలో విజయపురి నుండి పాలించిన ఇక్ష్వాకుల కాలమిది. పేరు చూచి, రచయిత తన ఇంటిపేరును నాయికకు పెట్టినారని భ్రమపడరాదు. నాగార్జునకొండ శాసనాలలో 'అడవి చాంతిసిరి' అనే రాజకుమారి నిజంగా ఉన్నది. ఆమె వాసిష్ఠీపుత్ర చాంతమూలుని కుమార్తె, వీరపురుషదత్తునికి సోదరి. ధనక వంశీయుడైన ఖందవిశాఖన్నాక అనే మహాదండనాయకుని భార్య. రంగస్వామి సరస్వతి గారు 1926లో ఈ శిథిలాలను కనుగొనక పూర్వం ఆ పేరు ఎవరికీ తెలియదు. మహాచైత్యపు స్తంభం మీద ఒక దాత పేరుగా మిగిలిన స్త్రీకి నవలాకారుడు మాటనిచ్చి, మనస్సునిచ్చి నడిపించినాడు. విజయపురి లోయ తరువాత నాగార్జునసాగర్ జలాశయంలో మునిగిపోయినది. 1954 నుండి 1960 వరకు సాగిన త్రవ్వకాలలో బయటపడినవాటిలో ముఖ్యమైనవి నేడు జలాశయం నడుమ ద్వీపంగా మిగిలిన కొండ మీద ఉన్నవి. నవల చదివినవారు ఆ కొండకు ఒకసారి పోయి రావటం మంచిది.

మూడవ మాసానికి నోరి నరసింహశాస్త్రి గారి 'నారాయణభట్టు'. పదునొకండవ శతాబ్ది, రాజమహేంద్రవరం, రాజరాజనరేంద్రుని కొలువు. నన్నయ భారత రచనకు తోడ్పడినవాడుగా నారాయణభట్టు మనకు సుపరిచితుడు. రాజు అతనికి నందంపూడి అగ్రహారాన్ని దానం చేసిన శాసనం ఉన్నది. దానిని రచించినది స్వయంగా నన్నయభట్టు. నారాయణభట్టు సంస్కృతం, కన్నడం, ప్రాకృతం, పైశాచి, తెలుగు అన్న భాషలన్నింటిలోనూ కవి అని అందులో ప్రశంస. ఇది కత్తుల కథ కాదు. ఒక భాష కావ్యభాషగా నిలద్రొక్కుకొన్న కథ. యుద్ధాల నడుమ పాఠకులకు ఒక మాసం ఊపిరి తీసుకొనే వ్యవధి దొరుకుతుంది.

నాల్గవ మాసానికి మరల బాపిరాజు గారే, 'గోన గన్నారెడ్డి'. పదమూడవ శతాబ్ది కాకతీయ రాజ్యం. పైకి గజదొంగగా, లోపల రుద్రమదేవికి అండగా తిరిగే గన్నారెడ్డి, అతనిని వలచిన అన్నాంబిక. పాఠకులు ఈ నవలను విడిచిపెట్టలేరు. గన్నారెడ్డి దోపిడీలు కల్పన కావచ్చును గాని, గన్నారెడ్డి కల్పన కాడు. రాయచూరు కోటగోడలో ఒక మహాశిల ఉన్నది. దాని పొడవు దాదాపు 41 అడుగులు. గోన గన్నారెడ్డి క్రింది అధికారి విఠలనాథుడు ఆ కోటను కట్టించిన సంగతి 1294 నాటి శాసనంగా దానిపై చెక్కబడి ఉన్నది. అంత శిలను బండి మీద లాగి తెచ్చిన దృశ్యం కూడ ఆ గోడ మీదనే గీయబడి ఉన్నది.

ఐదవ మాసానికి ఆ గోడ వద్దనే ఉండిపోదాము. కేతవరపు వేంకటశాస్త్రి గారి 'రాయచూరు యుద్ధము' విజ్ఞాన చంద్రికా గ్రంథమాలలో వెలువడిన నవల. 1520లో శ్రీకృష్ణదేవరాయలు ఇస్మాయిల్ ఆదిల్ షాతో చేసిన యుద్ధం దీనికి వస్తువు. విఠలనాథుడు కట్టించిన కోట కోసమే, 226 సంవత్సరాల తరువాత, ఈ పోరాటం. దీనికి తోడుగా న్యూనిజ్ అనే పోర్చుగీసువాని వ్రాతను చదువవలెను. రాబర్ట్ స్యూయల్ 1900లో తన విజయనగర చరిత్ర గ్రంథంలో దానిని ఇంగ్లీషున ప్రకటించినాడు. ఇచ్చట ఒక హెచ్చరిక అవసరం. పరాయి పాలనలో తలవంచుకొన్న జాతికి ధైర్యం చెప్పుటకు వ్రాసిన ఆనాటి నవలలు యుద్ధాన్ని రెండు మతాల పోరుగా చూపుటకు మొగ్గుచూపినవి. రాయల సైన్యంలో మహమ్మదీయ యోధులు ఉన్నారనీ, కోట ముట్టడిలో ఆయనకు తోడ్పడిన తుపాకివారు పోర్చుగీసువారనీ న్యూనిజ్ వ్రాత వలన తెలుస్తున్నది. నవలలో మనకు కనిపించేవి రెండు కాలాలు: కథ జరిగిన కాలం ఒకటి, కథ వ్రాసిన కాలం ఒకటి. రెండవదానిని గుర్తించనివాడు మొదటిదానిని తప్పుగా చూస్తాడు.

ఆరవ మాసానికి విశ్వనాథ సత్యనారాయణ గారి 'ఏకవీర'. విజయనగరం నుండి దక్షిణానికి వెళ్ళి మధురను ఏలిన నాయకరాజుల కాలం. కుట్టాన్ సేతుపతి, వీరభూపతి ప్రాణమిత్రులు. ఒకడు వలచిన యువతి రెండవవానికి భార్య అయినది. రెండవవానిని వలచిన యువతి మొదటివానికి భార్య అయినది. ఈ నలుగురి వేదనకు ఏ శాసనమూ సాక్ష్యం చెప్పదు, చెప్పజాలదు కూడ. అందుకే దీనిని చివర ఉంచినాము. ఐదు మాసాలు నవలను రాతితో సరిచూచినవారికి, రాయి చెప్పలేనిది ఏదో ఆరవ మాసంలో తెలుస్తుంది. ఇదే కాలాన్ని ఇంకొక కోణం నుండి చూడదలచినవారు మల్లాది వసుంధర గారి 'తంజావూరు పతనము' చదువవచ్చును. 1673లో తంజావూరు నాయకరాజ్యం కూలిపోవుటకు వియ్యానికి ఒప్పుకొనని ఒక తండ్రి పట్టుదలయే కారణంగా చెప్పబడుతున్నది.

పట్టిక ముగిసినది. ఇక ఆ పెద్దల ఆక్షేపణ. అది నిరాధారమైనదని మేము అనలేము. రుద్రమదేవి సంగతే తీసుకొందాము. ఆమె 1295 ప్రాంతం వరకు పాలించినదని చిరకాలం నమ్మిక ఉండేది. తరువాత నల్లగొండ జిల్లా చందుపట్లలో ఒక శాసనం వెలుగులోకి వచ్చినది. రుద్రమదేవీ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడూ శివలోకం చేరినారనీ, వారి పుణ్యం కొరకు ఒక అనుచరుడు భూమి దానం చేసినాడనీ దాని సారాంశం. దాని తేదీ 1289 నవంబరు. 1952లో పరమపదించిన బాపిరాజు గారికి ఈ శాసనం తెలియదు. రాణి ముసలితనంలో మనుమనికి రాజ్యమప్పగించి విశ్రమించినదనే చిత్రం చెరిగిపోయి, సేనానితో పాటే రాలిపోయిన రాణి చిత్రం మన ఎదుట నిలిచినది.

కాని పొరపడినది నవలలేనా? చరిత్ర గ్రంథాలు కూడ ఆ పాత తేదీనే వ్రాసినవి. అంతకు పూర్వం మార్కోపోలో, మోటుపల్లి రేవును గురించి వ్రాస్తూ, ఆమె న్యాయపాలనను కొనియాడి, ఆమెను చనిపోయిన రాజుగారి భార్య అన్నాడు. ఆమె గణపతిదేవుని కుమార్తె. సమకాలికుడైన యాత్రికుడు పొరపడినాడు, పండితులు పొరపడినారు. ఒక పల్లెలోని రాయి పండితులను దిద్దినది. చరిత్ర అంటే ముగిసిన పాఠం కాదు. కనుక కల్పనను దూరంగా ఉంచుట వలన సత్యానికి రక్ష లేదు. ఏది ఎచ్చటి నుండి వచ్చినదని అడిగే అలవాటు వలననే రక్ష. ఆ అలవాటు పడుటకు ముందు ఆ కాలం మీద మక్కువ కలుగవలెను. 1289 అన్న అంకె ఉత్తగా వింటే ఎవరికీ దుఃఖం కలుగదు. రుద్రమదేవిని ఒక మాసం ప్రేమించి చదివినవారికి మాత్రమే చందుపట్ల శాసనం ఒక మరణవార్త.

అందుచేత గ్రంథాలయం వారికి మా సూచన ఇది. ప్రతి మాసం మొదటి మూడు వారాలు నవలకు, నాల్గవ వారం దాని తోడు శాసనానికి కేటాయించండి. నాల్గవ వారం సభకు ఆ ఉపాధ్యాయులనే అధ్యక్షులుగా ఉండవలసినదని కోరండి. నవలలో ఏది నిజం, ఏది కల్పన, ఏది తరువాత తేలిన పొరపాటు అని విప్పి చెప్పగలవారు ఊరిలో వారే. వారి భయాన్ని తీర్చగలిగినదీ వారి విద్యయే. వారు ఒప్పుకొంటే, ఆరవ మాసం ముగిసిన తరువాత సభ్యులకు తోచిన అభిప్రాయాలను మాకు వ్రాసి పంపండి. వారి అభిప్రాయాన్ని మొదట పెట్టి పంపండి.