నాడె ఆగినచోట

పాత కంప్యూటరు మందగించినప్పుడు మనం మొదట ప్రాసెసరును అనుమానిస్తాం. చాలా సందర్భాల్లో అసలు ఆలస్యం డిస్కు దగ్గర ఉంటుంది. అక్కడ కూడా చదవడానికీ రాయడానికీ పట్టే కాలం స్వల్పమే; ఒక పనికీ మరో పనికీ నడుమ అది ఊరక ఎదురుచూసే కాలమే ఎక్కువ. ఈ సంగతి ఎవరికైనా విప్పి చెప్పవలసి వస్తే నేను మానేటి ఒడ్డునున్న సిరిసిల్లకు తీసుకువెళతాను.

సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచా అంటారు. నాడెలోని కండె అయిపోయిందంటే సాంచా ఆగాలి, కార్మికుడు వచ్చి కొత్త కండె పెట్టాలి. పడుగు పోగు తెగితే ఆపి అతకాలి. ఒక్కరే అనేక సాంచాలు చూసుకుంటారు కనుక, ఒకదాని దగ్గర పోగు అతుకుతున్నంతసేపూ మరొకటి ఖాళీగా నిలబడి ఉంటుంది. మోటారు ఎంత జోరుగా తిరిగినా సాయంత్రానికి దిగే గుడ్డ ఎన్ని మీటర్లన్నది ఈ నిలిచిన నిమిషాల మీద ఆధారపడుతుంది. కూలి కట్టేది దిగిన గుడ్డను బట్టి కాబట్టి ఇది ఇంట్లో పొయ్యి వెలగడానికి సంబంధించిన లెక్క.

మగ్గానికీ డిస్కుకూ ఉన్నది ఉపమానం మాత్రమే అనుకోనక్కరలేదు, చుట్టరికమూ ఉంది. ఫ్రాన్సులోని లియోన్ నగరంలో జకార్డు 1804లో తన మగ్గానికి చిల్లుల అట్టలు తగిలించి, పూల బుటాలను వాటిచేత నేయించాడు. ఆయన పేరే మన నేతగాళ్ళ నోట నేటికీ ఆ పరికరం పేరుగా నిలిచింది. 1890 అమెరికా జనాభా లెక్కలను హొలెరిత్ చిల్లుల కార్డులతోనే తేల్చాడు. ఆయన సంస్థ ఇతర సంస్థలతో కలిసి, 1924లో ఐబీఎం అన్న పేరు పెట్టుకుంది. తొట్లకొద్దీ పేరుకుపోయిన కార్డుల్లో కావలసినదాన్ని వెతికే బాధ తప్పించడానికి అదే ఐబీఎం 1956లో మొదటి డిస్కును విడుదల చేసింది. రెండడుగుల వ్యాసమున్న యాభై పళ్ళేలు, యాభై లక్షల అక్షరాలు. అడిగిన అక్షరం చేతికందడానికి పట్టే కాలం సుమారు 600 మిల్లీసెకన్లు, అంటే అర సెకను పైచిలుకు. తన ముత్తాత మగ్గమని డిస్కుకు తెలియదు గానీ, ఆగి ఎదురుచూసే గుణం మాత్రం దానికీ వచ్చింది.

1983లో వచ్చిన ఐబీఎం పీసీ ఎక్స్‌టీలో పది మెగాబైట్ల డిస్కు ఉండేది. అది నిమిషానికి 3600 చుట్లు తిరిగేది. ఒక చుట్టుకు పదిహేడు మిల్లీసెకన్లు దాటదు. ఒక్కో వలయంలో 17 సెక్టర్లు. ఒక చుట్టులో 17 సెక్టర్లూ చదివేయవచ్చు కదా అనిపిస్తుంది. కానీ నాటి కంట్రోలరు ఒక సెక్టరును చదివి మెమరీకి అప్పజెప్పేలోగా పక్క సెక్టరు హెడ్డు కిందనుంచి దాటిపోయేది. దానికోసం మళ్ళీ పూర్తి చుట్టు ఆగాలి. ఆ లెక్కన ఒక్క వలయం చదవడానికి దాదాపు 17 చుట్లు! అందుకని ఇంజనీర్లు వరుస సెక్టర్లను పక్కపక్కన పెట్టడం మానుకొని ఆరేసి స్థానాల దూరంలో అమర్చారు. ఒకటి అప్పజెప్పి తల ఎత్తేసరికి రెండోది ఎదురుగా వచ్చేది. పదిహేడు చుట్ల పని ఆరింటిలో ముగిసేది. దీనికే ఇంటర్‌లీవ్ అని పేరు. దూరంగా పెడితే త్వరగా అందడమన్నది వినడానికి వింతగా ఉంటుంది. నా దృష్టిలో డిస్కు చరిత్రలో ఇంతకంటె తెలివైన మరమ్మతు లేదు.

అయితే ఈ దూరం కంట్రోలరును బట్టి మారాలి. ఆరు అక్కరలేని చోట ఆరు పెడితే అదీ దండుగే. స్టీవ్ గిబ్సన్ రాసిన స్పిన్‌రైట్ అనే ప్రోగ్రాము ఏ యంత్రానికి ఏ దూరం సరిపోతుందో కొలిచి, ఉన్న సమాచారం చెడకుండానే సెక్టర్లను తిరిగి అమర్చేది. కొత్త భాగం ఒక్కటీ కొనకుండా పాత డిస్కు వేగం పెరిగేది.

ఆ తరువాతి ఉపాయాలన్నీ ఇదే దారి. డాస్ ఒక ఫైలును రాసేటప్పుడు దొరికిన ఖాళీలలోనల్లా ముక్కలుగా పెట్టేది; ఆ ముక్కల కోసం హెడ్డు ఊరంతా తిరగాలి. వాటిని ఒకచోట చేర్చే డీఫ్రాగ్ 1993 నాటి ఎమ్మెస్ డాస్ 6లో వచ్చింది. విండోస్ 95లో రంగురంగుల గడులు ఒక్కొక్కటీ వరుసలోకి సర్దుకోవడాన్ని గంటలకొద్దీ చూసినవారు ఈ టపా చదివేవారిలో తప్పక ఉంటారు. స్మార్ట్‌డ్రైవ్ మరో దారి పట్టి, మళ్ళీ అడగబోయే సమాచారాన్ని మెమరీలో దాచి ఉంచేది. రాయవలసినదాన్ని కూడా అట్టే పెట్టుకొని తీరికగా రాసేది. అది రాయకముందే మనిషి స్విచ్చి ఆపేస్తే పని మట్టిపాలు. అందుకే డాస్ 6.2లో, రాయవలసినది ముగిశాకే ప్రాంప్టు కనిపించే ఏర్పాటు చేశారు.

తొంభైలలో మన చిన్న పట్టణాల డీటీపీ కేంద్రాలు పేజ్‌మేకరు, అను ఫాంట్లతో శుభలేఖలూ కరపత్రాలూ కూర్చేవి. యంత్రం మార్చే స్తోమత లేనివారికి ఉపాయాలే దిక్కు. ఒకే కేబులు మీద హార్డుడిస్కునూ సీడీ డ్రైవునూ వేలాడదీస్తే ఒకదాని పని అయ్యేదాకా రెండోది ఆగవలసిందే. వేరువేరు కేబుళ్ళకు మారిస్తే ఖర్చు లేకుండా తీరేది. మెమరీ రెట్టింపు చేస్తే స్వాప్ ఫైలు కోసం డిస్కు దగ్గరకు పరుగులు తగ్గేవి. నన్నడిగితే డబ్బు పెట్టదగ్గ మరమ్మతు అదొక్కటే. ఇక విండోస్ ఎక్స్‌పీది విచిత్రమైన పద్ధతి. డిస్కు నుంచి తెచ్చుకోవడంలో పొరపాట్లు ఆరు దాటితే, అది డీఎంఏను మెట్టుమెట్టుగా తగ్గించి చివరికి పీఐఓకి దించేది. అప్పుడు ప్రతి అక్షరాన్నీ ప్రాసెసరే మోయాలి. ఆ పొరపాట్లకు కారణం ఒక్కోసారి వదులుగా ఉన్న కేబులు. దాన్ని బిగించాక కూడా యంత్రం నత్తనడకనే నడిచేది. డివైస్ మేనేజరులో ఆ ఐడీఈ ఛానెల్‌ను తొలగించి తిరిగి మొదలుపెడితే ప్రాణం లేచి వచ్చేది. ఇది తెలియక మంచి కంప్యూటర్లను ఎందరు పాతసామాను కింద అమ్ముకున్నారో!

సాంచాలకూ ఇటువంటి మరమ్మతులు ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వం 2017లో మొదలుపెట్టిన పవర్‌టెక్స్ ఇండియా పథకంలో, పాత మరమగ్గాన్ని పారేయకుండా ఉన్నచోటనే మెరుగుపరచడం ఒక భాగంగా ఉండేది. పడుగు పోగు తెగినా పేక తెగినా మగ్గం తనంతట తానే ఆగే సాధనాలు తగిలించేవారు. తెగింది ఎక్కడో మనిషి వెతుకుతూ తిరగనక్కరలేదు, చెడిన గుడ్డను విప్పనూ అక్కరలేదు. నాడె లేని రేపియర్ మగ్గాలు వేరు. వాటి ధర సామాన్య ఆసామికి అందదు.

డిస్కులలో నాడె లేని మగ్గమంటే ఎస్ఎస్‌డీ. తిరిగే పళ్ళెమూ లేదు, వెతికే హెడ్డూ లేదు. మిల్లీసెకన్లలో ఉండిన నిరీక్షణ అందులో పదోవంతుకంటె తక్కువకు దిగింది. పదేళ్ళనాటి ల్యాప్‌టాపులో దాన్ని బిగిస్తే చాలు, విండోస్ లేచేలోగా టీ తాగి రావచ్చన్న రోజులు పోతాయి. ముక్కలు చేర్చే పని దానికి అవసరం లేదు. అందుకే నేటి విండోస్‌లో పాత డీఫ్రాగ్ ఉన్నచోట ఆప్టిమైజ్ అనే మీట కనిపిస్తుంది. తిరిగే డిస్కైతే అది ముక్కలను సర్దుతుంది. ఎస్ఎస్‌డీ అయితే ఏయే గడులు ఖాళీ అయ్యాయో దానికి చెప్పి ఊరుకుంటుంది.