రెండవ ప్రాధాన్యం: 1969 రాష్ట్రపతి ఎన్నిక, లూకన్ తెలుగువారి ఓటు

డబ్లిన్‌కు పడమరగా లిఫీ నది పక్కన ఉన్న లూకన్‌లో ఓటరు అభ్యర్థి పేరు ఎదుట ముద్ర వేయడు, అంకె వేస్తాడు. అందరికంటె నచ్చినవారికి 1, ఆ తరువాతివారికి 2, ఆపై 3, 4 అంటూ తనకు తోచినంతవరకు వరుస ఇస్తాడు. తెలుగువారికి ఈ పద్ధతి కొత్తది కాదు. పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికలు జరిగేది దీనితోనే. 2021 మార్చిలో నల్లగొండ-ఖమ్మం-వరంగల్ స్థానానికి 70 మందికి పైగా పోటీపడినప్పుడు ఎలిమినేషన్లు, రెండవ ప్రాధాన్య ఓట్ల బదిలీలతో లెక్కింపు రోజుల తరబడి సాగింది.

అయినా లూకన్, ఆడమ్స్‌టౌన్ ప్రాంతాలలో స్థిరపడిన మనవారిలో తరచు రెండు మాటలు వినిపిస్తాయి. ‘మనకు ఇక్కడ ఓటెక్కడిది?’ అన్నది మొదటిది. ‘గెలవనివాడికి వేసి ఓటు వృథా చేసుకోవడం దేనికి?’ అన్నది రెండవది. మొదటిది పొరపాటు. రెండవది వేరొక పద్ధతికి చెందిన భయం. ఈ భయాన్ని తూచి చూడడానికి డబ్లిన్‌లో చదువుకున్న ఒక తెలుగువాడి ఎన్నికే తగిన ఉదాహరణ.

ఇద్దరు తెలుగువారు, ఒక ఎన్నిక

బరంపురంలో 1894లో పుట్టిన వరాహగిరి వేంకటగిరి 1913లో న్యాయశాస్త్రం చదవడానికి డబ్లిన్ చేరారు. ఐరిష్ జాతీయోద్యమం ఆయనను గాఢంగా ప్రభావితం చేసింది. ఈస్టర్ తిరుగుబాటు జరిగిన 1916లోనే ఆయన ఐర్లండు విడిచి వెళ్ళవలసి వచ్చింది. ప్రాధాన్య ఓటు అప్పటికింకా ఐర్లండు ఎన్నికలలోకి రాలేదు. గిరికి దానితో అసలు పరీక్ష ఎదురైంది ఢిల్లీలో, 53 ఏళ్ళ తరువాత.

1969 మేలో రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ మరణించారు. కాంగ్రెస్ అధికారిక అభ్యర్థిగా ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి నిలిచారు. గిరి స్వతంత్రుడిగా పోటీకి దిగారు. స్వతంత్ర పార్టీ, జనసంఘం సి.డి. దేశ్‌ముఖ్‌ను బలపరిచాయి. తమ మొదటి ప్రాధాన్యం దేశ్‌ముఖ్‌కు ఇచ్చినా రెండవది సంజీవరెడ్డికి ఇవ్వవలసిందిగా కాంగ్రెస్ అధ్యక్షుడు నిజలింగప్ప ఆ పార్టీల నాయకులతో మాట్లాడారు. దానినే ఆక్షేపణగా చూపి ఇందిరాగాంధీ వర్గం ‘అంతరాత్మ ప్రబోధం’ మేరకు ఓటు వేయమని పిలుపునిచ్చింది. రెండవ ప్రాధాన్యం చుట్టూ ఇంత వ్యూహం నడిచిన ఎన్నిక మన చరిత్రలో మరొకటి కనబడదు.

ఆగస్టు 16న పోలింగు, 20న లెక్కింపు జరిగాయి. మొదటి ప్రాధాన్య ఓట్ల విలువ గిరికి 4,01,515, రెడ్డికి 3,13,548, దేశ్‌ముఖ్‌కు 1,12,769. గెలుపుకు కావలసిన కోటా 4,18,169. ఎవరూ దానిని అందుకోలేదు. మిగిలిన అభ్యర్థుల ఓట్లన్నీ బదిలీ అయ్యేసరికి గిరికి 4,20,077, రెడ్డికి 4,05,427 వచ్చాయి. బదిలీ అయిన విలువలో దాదాపు ఆరింట అయిదు వంతులు రెడ్డికే చేరింది. అంటే నిజలింగప్ప ఆశించినది చాలావరకు నెరవేరింది, అయినా రెడ్డి ఓడిపోయారు. గిరి కోటాను దాటినది 1,908తో మాత్రమే. ఒక్కొక్క పార్లమెంటు సభ్యుడి ఓటు విలువ 576గా ఉన్న ఆనాటి లెక్కలో అది ముగ్గురు సభ్యుల ఓట్లకు కాస్త ఎక్కువ.

ఈ అంకెలు చెప్పేవి రెండు సంగతులు. దేశ్‌ముఖ్‌కు వేసినవారి ఓటు వృథా కాలేదు. తమ అభ్యర్థి తొలగిపోయాక అది అసలు పోటీలోకి ప్రవేశించి ఫలితాన్ని అంచువరకు తీసుకువెళ్ళింది. అయితే మొదటి ప్రాధాన్యంలో వెనుకబడినవారిని రెండవ ప్రాధాన్యపు ఒప్పందాలు ప్రతిసారీ గట్టెక్కించలేవు.

ఐర్లండు అనుభవం

ఐర్లండులో ఈ పద్ధతి 1919లో స్లైగో పట్టణ ఎన్నికతో మొదలై 1920 స్థానిక ఎన్నికలతో దేశమంతటా వ్యాపించింది. 1937 రాజ్యాంగంలో దానికి స్థిరమైన స్థానం దక్కింది. ప్రభుత్వాలకు ఇది ఎల్లప్పుడూ రుచించలేదు. దీనిని తొలగించాలని 1959లో, 1968లో రెండుసార్లు ప్రజాభిప్రాయ సేకరణ జరిపితే రెండుసార్లూ ప్రజలు తిరస్కరించారు. 1959లో అదే రోజున డి వలేరాను అధ్యక్షుడిగా ఎన్నుకున్న ఓటర్లు, ఆయన పార్టీ ప్రతిపాదనను మాత్రం స్వల్ప తేడాతో కాదన్నారు.

వ్యూహం బెడిసికొట్టిన ఉదాహరణ కూడా ఇక్కడే ఉంది. 1974లో స్థానిక పాలన మంత్రి జేమ్స్ టల్లీ నియోజకవర్గాల హద్దులను సంకీర్ణ ప్రభుత్వానికి అనుకూలంగా గీయించారు. డబ్లిన్‌లో చాలావరకు మూడు స్థానాల నియోజకవర్గాలు ఏర్పరచి, వాటిలో రెండేసి సంకీర్ణానికి దక్కుతాయని లెక్కవేశారు. 1977లో గాలి ఎదురు తిరిగింది. అవే హద్దులు ప్రతిపక్షమైన ఫియన్నా ఫాయిల్‌కు లాభించి, ఆ పార్టీ 148 స్థానాలలో 84 గెలుచుకుంది.

వ్యూహాత్మక ఓటు ఎంతవరకు?

ఎక్కువ ఓట్లు వచ్చిన ఒక్కరే గెలిచే పద్ధతిలో, ఇష్టమైనవారిని వదలి గెలవగలిగినవారికి ఓటు వేయడంలో అర్థం ఉంది. అక్కడ మూడవ స్థానంలో ఉన్నవారికి వేసిన ఓటు ఇంకెక్కడికీ పోదు. ప్రాధాన్య పద్ధతిలో ఆ ఒత్తిడి చాలావరకు తగ్గుతుంది. ఇచ్చిన 1 ఫలితం తేలేవరకు 2ను ఎవరూ చూడరు. కనుక 2, 3 ఇవ్వడం వలన మొదటివారికి నష్టం లేదు.

వ్యూహానికి ఏ పద్ధతీ పూర్తిగా అతీతం కాదని 1970లలో గిబ్బర్డ్, శాటర్త్‌వెయిట్ వేర్వేరుగా నిరూపించారు. ఈ పద్ధతిలోనూ ఎవరు ముందు తొలగిపోతారన్న దానిని బట్టి ఫలితం మారే సందర్భాలు ఉంటాయి. కాని ఏ క్రమంలో అంకెలు వేస్తే లాభమో ముందుగా లెక్కగట్టడం అత్యంత కఠినమైన గణన సమస్య అని 1991లో బార్తొల్డి, ఓర్లిన్ చూపారు. సామాన్య ఓటరు ఆ లెక్కకు పూనుకోవడం కంటె తన ఇష్టాన్ని వరుసగా, నిజాయితీగా రాయడమే మేలు.

లూకన్‌లో మన ఓటు

ఇక మొదటి పొరపాటు సంగతి. పార్లమెంటు దిగువసభ డాల్‌కు ఐరిష్, బ్రిటిష్ పౌరులే ఓటు వేయగలరు. అధ్యక్ష ఎన్నికలు, ప్రజాభిప్రాయ సేకరణలు ఐరిష్ పౌరులకే పరిమితం. స్థానిక ఎన్నికలలో మాత్రం 18 ఏళ్ళు నిండిన నివాసులందరికీ, ఏ దేశ పౌరులైనా, ఓటు ఉంది. పోటీ చేసే హక్కు కూడా ఉంది. భారతదేశంలో ప్రవాసులు 2010 నాటి చట్ట సవరణ తరువాత ఓటరుగా నమోదు కావచ్చును గాని, పోలింగు రోజున స్వయంగా అక్కడ ఉండాలి. కాబట్టి భారత పాస్‌పోర్టుతో లూకన్‌లో ఉండేవారికి ఇల్లు కదలకుండా దొరికే ఓటు ఈ ఒక్కటే.

లూకన్ నుండి సౌత్ డబ్లిన్ కౌంటీ కౌన్సిల్‌కు అయిదుగురు ఎన్నికవుతారు. ఉదాహరణకు 12,000 ఓట్లు చెల్లితే, వాటిని ఆరుతో భాగించి ఒకటి కలపగా కోటా 2,001. ఏ చిన్న సమాజమూ ఒంటరిగా అంత కూడగట్టలేదు. ‘మనవాడికి 1 వేసి ఆపేయండి’ అనే ప్రచారంలోని లోపం ఇదే. అతడు తొలగిపోతే ఆ ఓటు అక్కడితో ఆగిపోతుంది. గెలవాలన్నా ఇరుగుపొరుగువారి 2, 3లు అతడికి రావాలి. అవి రావాలంటే మనమూ మన 2, 3లను ఆలోచించి ఇవ్వాలి. కేరళ నుండి వచ్చిన బేబీ పెరెప్పాడన్ 2024లో ఇదే కౌంటీకి మేయరయ్యారు. వలస వచ్చినవారికి ఈ దారి మూసిలేదనడానికి ఆ ఒక్క ఉదాహరణ చాలు.

పాఠశాలలో చోటు ఎవరూ కౌన్సిలరును అడిగి పొందలేరు. కాని పార్కులు, గ్రంథాలయాలు, కౌన్సిల్ ఇళ్ళు, ఎక్కడ ఏ కట్టడాలు రావాలనే ప్రణాళిక కౌన్సిల్ చేతిలోనివే. అయిదేళ్ళకొకసారి వచ్చే ఈ ఎన్నికలు గతసారి 2024 జూన్‌లో జరిగాయి, మళ్ళీ 2029లో రావాలి. ‘చెక్ ద రిజిస్టర్’ వెబ్‌సైటులో పీపీఎస్ సంఖ్య, ఎయిర్‌కోడ్‌లతో పేరు నమోదు చేసుకోవడానికి కొద్ది నిమిషాలు చాలు. పోలింగుకు కొన్ని రోజుల ముందే గడువు ముగుస్తుంది గనుక, ఇల్లు మారినవారు చిరునామాను కూడా ముందే సరిచూసుకోవాలి. గెలవనివారికి వేసిన ఓటు 1969లో వృథా కాలేదు. జాబితాలో పేరు లేనివారికి మాత్రం 1 వేసే అవకాశం కూడా ఉండదు.