మీట నొక్కితే మోగే డోలు: సాఫ్ట్‌వేర్ సింథసైజర్ కథ, మన వాద్యాల మాట



ఇవాళ గోండి, కోయ, కొలామి, లంబాడీ పాటలు చేసే మన పిల్లల్లో చాలామందికి స్టూడియో అంటే ఒక లాప్‌టాప్, ఒక మైకు, ఒక హెడ్‌ఫోన్. పాట మాత్రం గొంతుతో పాడతారు. డోలు, పెప్రె, తాళం అన్నీ కంప్యూటర్‌లోంచే వస్తాయి. అలా చేసిన ఒక పాటను మేము పెద్దల ముందు వినిపించినప్పుడు ఒక తాత అంతా విని, "డోలు బాగుంది. కొట్టిందెవరు?" అని అడిగారు. మా దగ్గర జవాబు లేదు. ఆ శబ్దం ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకుందామని మొదలుపెట్టిన వెతుకులాటే ఈ వ్యాసం.

కంప్యూటర్ చేత సంగీతం పలికించే ప్రయత్నం పాతదే. 1957లో అమెరికాలోని బెల్ లాబ్స్‌లో మాక్స్ మాథ్యూస్ రాసిన ప్రోగ్రామ్ ఐబీఎం 704 యంత్రం మీద 17 సెకన్ల చిన్న బాణీని పలికించింది. గది నిండా ఉండే యంత్రం, ఇంత చిన్న బాణీ. అంకెలను లెక్కగట్టి శబ్దంగా మార్చవచ్చని మాత్రం తేలిపోయింది. ఈనాటి సాఫ్ట్‌వేర్ సింథసైజర్లన్నీ ఆ దారిలో వచ్చినవే.

ఇంకో దారి కరెంటు తీగలది. 1964లో రాబర్ట్ మూగ్, స్వరకర్త హెర్బర్ట్ డాయిచ్‌తో కలిసి తన సింథసైజర్‌కు రూపమిచ్చారు. 1968లో వెండీ కార్లోస్ ఆ యంత్రం మీదే బాఖ్ కృతులు వాయించి రికార్డు తెచ్చాక ఈ వాద్యం ప్రపంచానికంతా తెలిసింది.

మన దేశానికి ఇది ఆలస్యంగా వచ్చిందని అనుకుంటాం. నిజానికి 1969లోనే అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో మూగ్ సింథసైజర్‌తో ఒక ఎలక్ట్రానిక్ సంగీత స్టూడియో ఏర్పడింది. అమెరికా సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ దాన్ని నెలకొల్పడంలో సాయపడ్డారు. గీతా సారాభాయ్, అతుల్ దేశాయ్, ఐ.ఎస్. మాథుర్, ఎస్.సి. శర్మ, జిన్‌రాజ్ జోషిపురా వంటివారు అక్కడ స్వరరచనలు చేశారు. కొన్నేళ్లకే ఆ పని ఆగింది. టేపులు సంస్థ భాండాగారంలో ఉండిపోయాయి. దశాబ్దాల తర్వాత పాల్ పర్గాస్ వాటిని వెలికితీశాక, 2023లో అవి ఆల్బమ్‌గా వచ్చాయి. ఇందులో మనకు ఒక పాఠం ఉంది. టేపు మిగిలింది, దాని మీద పేర్లు మిగిలాయి, కాబట్టే యాభై ఏళ్ల తర్వాతైనా ఎవరి పని ఎవరిదో తెలిసింది.

1967లో స్టాన్‌ఫర్డ్‌లో జాన్ చౌనింగ్ ఒక తరంగంతో ఇంకో తరంగాన్ని కదిలించి గంట, ఇత్తడి వాద్యాల వంటి శబ్దాలు పుట్టించే పద్ధతి కనుగొన్నారు. యమహా కంపెనీ దాన్ని తీసుకుని 1983లో డీఎక్స్7 కీబోర్డు తెచ్చింది. అదే ఏడాది వేర్వేరు కంపెనీల వాద్యాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే మిడి అనే ఒప్పందం కుదిరింది. తర్వాత వాద్యం పూర్తిగా కంప్యూటర్‌లోకి చేరింది. 1996లో స్టైన్‌బర్గ్ వీఎస్‌టీ అనే ప్లగిన్ పద్ధతిని తెచ్చింది. 1999లో దాని రెండో రూపంతో సింథసైజర్లే ప్లగిన్లుగా పనిచేయడం మొదలైంది. ఒకప్పుడు సామాన్యుడికి అందని వాద్యం ఇప్పుడు ఉచితంగా దొరుకుతుంది. జిన్‌యాడ్‌సబ్‌ఎఫ్‌ఎక్స్ మొదటి నుంచీ ఉచితమే. సర్జ్ 2018లో అందరికీ తెరిచిన సాఫ్ట్‌వేర్ అయింది. 2020లో వచ్చిన వైటల్‌కు డబ్బు కట్టనవసరం లేని రూపం ఉంది. గూడెంలో పిల్లవాడి లాప్‌టాప్‌లోకి డోలు వచ్చింది ఈ దారినే.

ఇంతకీ ఆ శబ్దం ఎలా తయారవుతుంది? డప్పునే తీసుకుందాం. పుల్ల తగిలిన క్షణంలో "టక్" అనే గరుకు చప్పుడు ఉంటుంది. వెంటనే చర్మం మోగుతుంది. ఆ మోత కాస్త పైస్థాయిలో మొదలై కిందికి జారుతూ ఆగిపోతుంది. సింథసైజర్‌లో ఆసిలేటర్ చర్మపు మోతనిస్తుంది. దాని స్థాయిని క్షణంలో కిందికి జార్చాలి. గరుకు చప్పుడుకు కాస్త రొదను కలపాలి. ఎక్కువైన పదునును ఫిల్టర్ తగ్గిస్తుంది. శబ్దం ఎంత వేగంగా లేవాలి, ఎంతసేపట్లో అణగాలి అన్నది ఎన్వలప్ నిర్ణయిస్తుంది. మనవాళ్లు డప్పును మంట దగ్గర కాచి చర్మం బిగిస్తారు. ఇక్కడ ఆ పని ఒక మీట తిప్పితే అవుతుంది. 1980లో వచ్చిన రోలాండ్ టీఆర్-808 కూడా డోలు దెబ్బను ఏ రికార్డింగూ లేకుండా సర్క్యూట్లతోనే ఇలా పుట్టించింది.

శాంపిల్ సంగతి వేరు. అది ఎవరో ఒకరు నిజంగా కొట్టిన దెబ్బ, రికార్డు చేసి ముక్కలుగా కోసినది. తాత అడిగిన ప్రశ్నకు ఇక్కడ రెండు జవాబులు వస్తాయి. సింథసైజర్ డోలైతే కొట్టినవారు లేరు. శాంపిల్ డోలైతే కొట్టినవారున్నారు, కానీ వారి పేరు మనదాకా రాలేదు. మేము వాడిన శబ్దం మీద ఉన్న పేరు "ట్రైబల్ డ్రమ్" మాత్రమే. ఏ తెగ, ఏ ఊరు, ఏ సందర్భం అన్నవి లేవు. మొదటి జవాబు మాకు బాధ కలిగించలేదు. రెండోది కలిగించింది.

ఎందుకంటే మన వాద్యానికి మనిషితో, సందర్భంతో ముడి ఉంది. రాజగోండుల పెర్సాపేన్ కథలు చెప్పేది ప్రధాన్లు, కిక్రి వాయించేది వారే. తోటీలకూ అటువంటి బాధ్యతే ఉంది. దండారిలో గుస్సాడీల అడుగు డోలు, పెప్రె మోతతో కదులుతుంది. అరకు ధింసాకు మోరి, కిరిడి, తుడుము, జోడుకొమ్ములు ఉన్నాయి. వీటిలో పెప్రె జారుడును, కిక్రి తీగ మీద వేలు పలికించే సన్నని తేడాలను కీబోర్డులోని 12 మెట్లు పూర్తిగా పట్టలేవు. సర్జ్ వంటి వాటిలో స్వరస్థానాలను మనమే మార్చుకునే వీలుంది. కానీ ఎక్కడికి మార్చాలో తెలియాలంటే వాయించే పెద్దల దగ్గర కూర్చుని వినాల్సిందే.

కాబట్టి మేము కొన్ని నియమాలు పెట్టుకున్నాం. ముందు పెద్దల వాద్యాన్ని వారి అనుమతితో రికార్డు చేస్తాం. ప్రతి శబ్దానికీ వాయించినవారి పేరు, ఊరు, వాద్యం, సందర్భం రాసి పెడతాం. పూజకే చెందిన మోతలను ఆ గోత్రం పెద్దలు ఒప్పుకోకుండా పాటల్లో వాడం. సింథసైజర్‌తో కొత్త శబ్దాలు చేస్తాం, పిల్లలకూ నేర్పుతాం, కానీ వాటిని పెప్రె అని, తుడుం అని పిలవం. కొత్త వాద్యానికి కొత్త పేరే పెడతాం.

ఈ పని ఇప్పుడే ఎందుకంటే, సమయం మన చేతిలో లేదు. మర్లవాయి గుస్సాడీ గురువు కనకరాజు గారికి 2021లో, కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ ప్రకటించారు. ఇద్దరూ 2024లో మనల్ని విడిచి వెళ్లారు. వారి చేతిలో, అడుగులో ఉన్నది ఏ ప్లగిన్‌లోనూ దొరకదు. వారి దగ్గర నేర్చుకున్నవారు, వారిలాంటి పెద్దలు ఇంకా మన గూడేల్లో ఉన్నారు.

ఈ సంచిక చదివే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు మా మనవి ఒక్కటే. మీ పాటలో డోలు మోగినప్పుడు ఏ తాతైనా "కొట్టిందెవరు?" అని అడిగితే, ఒక పేరు, ఒక ఊరు చెప్పగలగాలి. లేదా "ఇది నేనే కంప్యూటర్‌లో చేశాను తాతా" అని నిజం చెప్పగలగాలి.

జై సేవా.