ఉబ్బసం: లెక్కకు ఆలస్యంగా వచ్చిన రోగం

మన దేశ ప్రజారోగ్య చరిత్రలో మలేరియా, మశూచి, క్షయ వంటి పేర్లు తరచుగా వింటాం. ఉబ్బసం పేరు మాత్రం అరుదుగా వినిపిస్తుంది. ఇది కొత్త రోగం కాదు. చరక సంహితలోనే 'తమక శ్వాస' అనే పేరుతో దీని వర్ణన ఉంది. అయినా ప్రభుత్వాల దృష్టి దీనిపై ఆలస్యంగా పడింది. కారణమేమిటో ఈ పాఠంలో పరిశీలిద్దాం.

ముందుగా రోగం సంగతి. ఉబ్బసంలో శ్వాసనాళాల లోపలి పొర వాచి ఉంటుంది. దుమ్ము, పొగ, పుప్పొడి, జలుబు, చల్లగాలి వంటివి తగిలినప్పుడు నాళాల చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుంటాయి. దారి ఇరుకై ఆయాసం, దగ్గు, పిల్లికూతలు వస్తాయి. కొంతసేపటికి తగ్గిపోవచ్చు, మళ్లీ రావచ్చు. ఇది ఒకరి నుండి మరొకరికి అంటుకోదు. పూర్తిగా నయమయ్యే రోగం కాదు గాని, చక్కగా అదుపులో పెట్టుకోవచ్చు.

స్వాతంత్ర్యం వచ్చిన తొలి సంవత్సరాలలో ప్రభుత్వం ముందు అంటువ్యాధులే ఉన్నాయి. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం, 1962లో జాతీయ క్షయ కార్యక్రమం మొదలయ్యాయి. ఒకేసారి వేలమందిని బలిగొనే రోగాలకు ముందు స్థానం ఇవ్వడం సహజమే. ఛాతీ వ్యాధుల పరిశోధన కోసం 1949లో ఢిల్లీలో వల్లభ్‌భాయ్ పటేల్ ఛెస్ట్ ఇన్‌స్టిట్యూట్‌కు పునాది పడింది. దాని వ్యవస్థాపక డైరెక్టర్ డాక్టర్ ఆర్. విశ్వనాథన్ ఉబ్బసంపై కూడా పరిశోధనలు చేశారు. అంటే పరిశోధనకు ఒక సంస్థ ఏర్పడింది గాని, రోగులకోసం దేశవ్యాప్త కార్యక్రమమేదీ ఏర్పడలేదు.

లెక్కకు రాని రోగానికి బడ్జెట్టూ రాదు. ఆ లెక్కలు ఎలా వచ్చాయో చూడండి. బెంగళూరులో పిల్లల వైద్యుడు డాక్టర్ హెచ్. పరమేశ్ ఆసుపత్రికి వచ్చిన 20,000 మంది పిల్లల వివరాలు పరిశీలించారు. వారిలో ఉబ్బసం ఉన్నవారు 1979లో 9 శాతం, 1999 నాటికి 29.5 శాతం. ఇది ఆసుపత్రికి వచ్చిన పిల్లల లెక్క, ఊరంతటి లెక్క కాదు. అయినా ప్రమాద ఘంటిక మోగించింది. తరువాత భారత వైద్య పరిశోధన మండలి 12 కేంద్రాలలో 15 ఏళ్లు పైబడిన 1,69,575 మందిని సర్వే చేయించింది. 2012లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం 2.05 శాతం మందికి ఉబ్బసం ఉంది. దేశం మొత్తానికి అది సుమారు 1.72 కోట్ల మంది.

అన్ని వయసులవారినీ కలిపిన 2019 నాటి ప్రపంచ వ్యాధిభార అంచనా మరో సంగతి చెప్పింది. మన దేశంలో ఉబ్బస రోగులు సుమారు 3.43 కోట్లు, అంటే ప్రపంచ రోగుల్లో దాదాపు 13 శాతం. కాని ప్రపంచంలోని ఉబ్బసం మరణాలలో మన వాటా 40 శాతం పైనే! రోగులు ఎనిమిదింట ఒకరైతే, మరణాలు అయిదింట రెండు. ఈ తేడా ఎక్కడినుండి వచ్చింది? రోగాన్ని సకాలంలో గుర్తించకపోవడం, సరైన మందు అందకపోవడం ఇందులో ముఖ్యమైనవి.

ఇక ప్రభుత్వ చర్యలను మూడు చోట్ల చూడాలి: వీధిలో, వంటింట్లో, ఆసుపత్రిలో.

వీధి సంగతి. 1981లో వాయు కాలుష్య నివారణ చట్టం వచ్చింది. 1985లో న్యాయవాది ఎం.సి. మెహతా ఢిల్లీ గాలి గురించి సుప్రీంకోర్టులో వ్యాజ్యం వేశారు. నగర బస్సులన్నీ 2001 మార్చి 31 నాటికి సి.ఎన్.జి.తో నడవాలని 1998 జూలైలో కోర్టు ఆదేశించింది. గడువులు దాటినా, 2002 చివరికి ఆ మార్పు పూర్తయింది. 2000లో సీసం కలిసిన పెట్రోలు దేశమంతటా ఆగిపోయింది. 2019లో జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం మొదలైంది. హైదరాబాద్, విజయవాడ కూడా ఆ జాబితాలో ఉన్నాయి. అయితే వాహనాలు, నిర్మాణాలు పెరిగేకొద్దీ సాధించిన మేలు కరిగిపోతూ వచ్చింది.

వంటింటి సంగతి. కట్టెలు, పిడకల పొగ ఎక్కువగా పీల్చేది ఆడవాళ్లు, చంటిపిల్లలు. 1980ల్లో మొదలైన మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమం 2002లో ముగిసింది. పాడైన పొయ్యిని బాగుచేసే ఏర్పాటు లేనిచోట కుటుంబాలు పాత పొయ్యికే తిరిగి వెళ్లాయి. 2016 మే 1న ఉజ్జ్వల పథకం వంటగ్యాసును పేద ఇళ్లకు చేర్చడం ప్రారంభించింది. కనెక్షన్ రావడం ఒక మెట్టు, ప్రతిసారీ సిలిండరు కొనగలగడం ఇంకో మెట్టు.

మూడోది ఆసుపత్రి. కొలత ప్రకారం మందు విడుదల చేసే ఇన్‌హేలర్ 1956లో, సాల్‌బ్యుటమాల్ 1969లో, పీల్చే స్టిరాయిడ్ 1972లో వచ్చాయి. సాల్‌బ్యుటమాల్ బిగుసుకున్న కండరాలను వదులుచేసి వెంటనే ఊపిరి ఆడేలా చేస్తుంది. లోపలి వాపును తగ్గించేది స్టిరాయిడే. అందుకే మొదటిదానితోనే కాలం గడపడం ప్రమాదం. ఈ రెండు రకాల మందులూ 2022 జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉన్నాయి. అయితే జాబితాలో ఉండటం వేరు, ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉండటం వేరు. 'ఇన్‌హేలర్ పట్టుకుంటే ఇక వదలదు', 'అమ్మాయికి ఉబ్బసమని తెలిస్తే పెళ్లి కాదు' అనే భయాలు కూడా మందును దూరం చేస్తున్నాయి. 2010లో అంటుకోని రోగాల జాతీయ కార్యక్రమం మొదలైనప్పుడు దాని పేరులో క్యాన్సర్, మధుమేహం, గుండె జబ్బులు, పక్షవాతం ఉన్నాయి గాని ఊపిరి లేదు. దీర్ఘకాలిక శ్వాస రోగాలు అందులోకి తరువాతే చేరాయి.

మన ప్రాంతపు ఉదాహరణ ఒకటి చూద్దాం. మృగశిర కార్తె నాడు హైదరాబాద్‌లో కొర్రమీను పిల్ల నోట్లో పసుపు రంగు ముద్ద పెట్టి ఉబ్బస రోగులచేత మింగించడం మీకు తెలిసిందే. దేశం నలుమూలల నుండి వేలమంది వస్తారు. ప్రభుత్వాలు చేపపిల్లలు, తాగునీరు, పోలీసు బందోబస్తు సమకూరుస్తూ వచ్చాయి. మరోవైపు మన ఔషధ నియమావళిలోని 'షెడ్యూల్ జె' ప్రకారం ఏ మందూ ఉబ్బసాన్ని నయం చేస్తుందని చెప్పుకోరాదు. జన విజ్ఞాన వేదిక వంటి సంస్థలు దీన్ని ప్రశ్నించాయి. 'చేప మందు' అన్న పేరు 'చేప ప్రసాదం'గా మారింది. ఆ వరుసలో నిలబడినవారిని ఎగతాళి చేయడం తేలిక. ఏడాది పొడవునా పనిచేసే మందు వారి ఊళ్లో దొరికిందా అని అడగడం చరిత్ర విద్యార్థి పని.

గాలిని శుభ్రపరచడం ఏళ్లు పట్టే పని. ఇన్‌హేలరును ఆరోగ్య కేంద్రానికి చేర్చడానికి, దాన్ని ఎలా పీల్చాలో రోగికి నేర్పడానికి అంతకాలం అక్కరలేదు. మీ తరగతిలో ఎవరైనా ఇన్‌హేలర్ వాడుతుంటే వింతగా చూడకండి. కళ్లజోడు లాంటిదే అదీ. మీ ఊరి ఆరోగ్య కేంద్రానికి వెళ్లి, ఉబ్బసానికి అక్కడ ఏ మందులు ఇస్తున్నారో అడిగి రాసుకోండి. ఈ రోగం చరిత్రలో మీ ఊరి పుట అక్కడినుండే మొదలవుతుంది.