రాతిగోడల సాక్ష్యం: హంపి స్నానవాటికల తవ్వకాలు – ఆదోని ప్రాంత చరిత్రాధ్యయనం

వ్యాససంగ్రహం:
విజయనగర చరిత్రను తెలుగు పరిశోధకులు ప్రధానంగా శాసనాలు, కావ్యాలు, విదేశీ యాత్రికుల రచనల ఆధారంగా అధ్యయనం చేశారు. హంపి రాచప్రాంగణపు తవ్వకాల్లో బయటపడిన మెట్ల కోనేరు, రాతి కాలువలు మరొక తరహా ఆధారాన్ని అందిస్తున్నాయి. గోడలో రాయి ఉన్న చోటు, దాని వరుస, దానిపై పనివాడు చెక్కిన గుర్తు కూడా చారిత్రక పాఠాలేనని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆ దృష్టితో ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతపు శిథిలాలను పరిశీలించవలసిన అవసరాన్ని వివరిస్తుంది.

కీలకపదాలు: విజయనగరం, హంపి, మెట్ల కోనేరు, స్నానవాటిక, ఆదోని కోట, పనివారి గుర్తులు.

1. ఉపోద్ఘాతం:
ఆదోని, ఎమ్మిగనూరు పట్టణాలు కర్నూలు జిల్లా పశ్చిమ భాగంలో ఉన్నాయి. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడేవరకు ఈ ప్రాంతం, హంపి ఒకే బళ్ళారి జిల్లాలో ఉండేవి. పాలనాపరమైన హద్దు మారినా తుంగభద్ర నది, గ్రానైటు కొండలు, విజయనగర పాలన కలిపిన చరిత్ర మారలేదు. కనుక పశ్చిమ కర్నూలు ప్రాంతపు రాతి కట్టడాల అధ్యయనానికి హంపి తవ్వకాలు సమీపమైన ప్రమాణంగా నిలుస్తాయి.

2. తవ్వకాల నేపథ్యం:
1565 నాటి తళ్ళికోట యుద్ధం తరువాత విజయనగరం శిథిలమైంది. 1856లో అలెగ్జాండర్ గ్రీన్‌లా ఈ శిథిలాలను ఛాయాచిత్రాలలో బంధించాడు. 1900లో రాబర్ట్ సూయెల్ గ్రంథం ఈ సామ్రాజ్య చరిత్రను విద్వల్లోకం ముందుంచింది. 1917లో లాంగ్‌హర్స్ట్ శిథిలాలను వివరిస్తూ పుస్తకం ప్రచురించాడు. వీరి దృష్టి సహజంగానే నేలపై నిలిచి ఉన్న కట్టడాల మీదే నిలిచింది. 1970ల నుండి భారత పురావస్తు సర్వేక్షణ శాఖ, కర్ణాటక రాష్ట్ర పురావస్తు శాఖ విస్తృతంగా తవ్వకాలు జరిపాయి. 1980 నుండి జాన్ ఫ్రిట్జ్, జార్జ్ మిచెల్ నగర కట్టడాలను క్రమపద్ధతిలో నమోదు చేశారు. 1986లో హంపి ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తింపు పొందింది. రాచప్రాంగణంలోని మెట్ల కోనేరు మట్టి కింద నుండి వెలుగు చూసినది ఈ దశలోనే.

3. మెట్ల కోనేరు – రాతిపై రాత:
ఈ కోనేరు సుమారు 22 మీటర్ల భుజం గల చతురస్రం. లోతు సుమారు 7 మీటర్లు. అయిదు అంతస్తులుగా మెట్లు దిగుతాయి. హంపి కొండల రాయి గ్రానైటు కాగా, కోనేటికి వాడినది నల్లని షిస్టు రాయి. ఈ రాళ్ళపై గీతలు, అక్షరాలు చెక్కి ఉన్నాయి. ఏ రాయి ఏ దిక్కున, ఏ వరుసలో, ఏ స్థానంలో అమరాలో అవి సూచిస్తాయి.

దీనిపై రెండు ఊహలకు ఆస్కారముంది. రాళ్ళను వేరొక చోట చెక్కి, గుర్తులు వేసి, ఇక్కడ కూర్చి ఉండవచ్చు. లేదా అప్పటికే ఉన్న ఒక కోనేటిని విప్పి తెచ్చి, ఇక్కడ తిరిగి నిలిపి ఉండవచ్చు. ఏ ఊహ నిజమైనా ఒక విషయం స్పష్టం: రాళ్ళను అమర్చిన పనివారికి ఆ అక్షరాలను గుర్తుపట్టగల పరిజ్ఞానం ఉంది. రాజు దానాన్ని ప్రకటించే శాసనం పనివాడి అక్షరజ్ఞానం గురించి చెప్పదు. ఈ గుర్తులు చెబుతాయి. తెలుగు, కన్నడ లిపుల మధ్య భేదం ఇంకా స్వల్పంగా ఉన్న కాలపు రాత గనుక, లిపి పరిణామాన్ని అధ్యయనం చేసేవారికీ ఇది విలువైన సామగ్రి.

4. నీటి మార్గం – గోడల పొందిక:
కోనేటికి నీరు రాతి స్తంభాలపై నిలిపిన రాతి తొట్ల కాలువ ద్వారా చేరేది. రాచప్రాంగణానికి ఆగ్నేయంగా ఉన్న ‘రాణీ స్నానవాటిక’లో 15 మీటర్ల చతురస్రపు కొలను, చుట్టూ కమానుల వసారా, వెలుపల కందకం కనిపిస్తాయి. ఆ పేరు మాత్రం తరువాతి కాలం వారు పెట్టినది. దానిని ఆధారంగా తీసుకొని అంతఃపుర జీవితాన్ని ఊహించడం సరికాదు. పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ శ్రీకృష్ణదేవరాయల దినచర్యలో నూనె, వ్యాయామం, స్నానం వర్ణించాడు. ఆ వర్ణన రాజు దేహాన్ని చూపుతుంది. కాలువ, తొట్టి, గోడ నీటి వెనుక ఉన్న శ్రమను చూపుతాయి.

నేటి జోర్డాన్‌లోని పెట్రా నగరంలో నబాతియన్లు ఇరుకు లోయ గోడలలో కాలువలు తొలిచి, మట్టి గొట్టాలు అమర్చి నగరానికి నీరు తెచ్చారు. క్రీ.శ. 106లో ఆ రాజ్యం రోము సామ్రాజ్యంలో కలిసింది. హంపికి, పెట్రాకు చారిత్రక సంబంధం లేదు. ఉన్నది పద్ధతి సంబంధం. రెండు గోడలు కలిసే మూలలో రాళ్ళు ఒకదానిలో ఒకటి అల్లుకొని ఉంటే సాధారణంగా అవి ఒకేసారి కట్టినవి. ఒక గోడ మరొక దానికి కేవలం ఆనుకొని ఉంటే అది తరువాత చేరినది. కట్టడపు దశలను నిర్ణయించే ఈ మూల సూత్రం రెండు చోట్లా వర్తిస్తుంది. మూల చెదిరితే ఆ పాఠం చెరిగిపోతుంది.

5. ఆదోని శిథిలాలు:
ఆదోని కోట అయిదు కొండల సముదాయంపై ఉంది. వాటిలో బారాకిల్లా, తాలిబండ ఎత్తైనవి. కొండ సగం ఎత్తులో ఎన్నడూ ఎండదని చెప్పుకునే కోనేరు ఉన్నట్లు బ్రిటిష్ కాలపు గెజిటీరు పేర్కొంది. విజయనగరం తరువాత కోట బిజాపూరు సుల్తానులకు, పిదప మొగలులకు, నిజాం వంశీయులకు చేతులు మారింది. 1786లో టిప్పు సుల్తాను దీనిని పట్టుకొని కోటగోడలను కూల్పించాడు. 1800లో ఈ ప్రాంతం ఈస్టిండియా కంపెనీకి దత్తమైంది.

ఇన్ని పాలనలు చూసిన కోటలో గోడ ఒకే కాలానిదని భావించడానికి వీలులేదు. ఏ రాతి వరుస మొదటిది, ఏ మరమ్మతు తరువాతిది, ఏది పడగొట్టినది, ఏది తనంతట తానే కూలినది అన్న ప్రశ్నలకు సమాధానం రాళ్ళ స్థానంలోనే ఉంటుంది. పడిన రాయిని ఎత్తి కొత్త గోడకు వాడినా, పాత వరుసపై సిమెంటు పూసినా ఒక పుట చిరిగినట్లే. శాసనం ఉన్న రాయిని భద్రపరచి, శాసనం లేని రాయిని వదిలివేసే అలవాటు ఈ నష్టాన్ని పెంచుతుంది.

6. ముగింపు:
తెలుగు శాఖల పరిశోధన శాసన పాఠాల పరిష్కరణలో గణనీయమైన కృషి చేసింది. అదే శ్రద్ధ పనివారి గుర్తులకు, గోడ వరుసలకు విస్తరించాలి. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతపు కోటలు, బావులు, కోనేళ్ళలో మరమ్మతు చేపట్టడానికి ముందే ప్రతి గోడను కొలతలతో, చిత్రాలతో నమోదు చేయడం తొలి మెట్టు. కళాశాల విద్యార్థులు అధ్యాపకుల పర్యవేక్షణలో చేయగల పని ఇది. ఇందుకు తవ్వకం అక్కరలేదు, రాయిని కదిలించనవసరం లేదు. హంపి కోనేటి రాళ్ళు వందల ఏళ్ళు మట్టి కింద ఉండి కూడా తమ చోటు చెప్పగలిగాయి. వాటిని ఎవరూ కదిలించకపోవడమే అందుకు కారణం.