చెరువు బురద నుంచి సోమశిల వలల దాకా

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలుకు కడలి దూరం, చేప మీద మోజు మాత్రం పాతదే. ఈ నేలను ఏలిన కల్యాణి చాళుక్యుల్లో మూడో సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో కూర్చిన మానసోల్లాసంలో గాలం వేటకే ఒక అధ్యాయం ఉంది. ఏ చేపకు ఏ ఎర వేయాలో అందులో చెప్పాడు. రాజుగారికి అది వినోదం. బెస్తలకు, ముదిరాజులకు పొట్టకూడు.

ఊరి వేటంతా చెరువు మీదే నడిచింది. వనపర్తి సంస్థానంలోని పెద్ద చెరువులకు సప్త సముద్రాలని పేరు. శ్రీరంగాపూర్ రంగసముద్రం వాటిలో ఒకటి. ఎండాకాలం నీళ్లు అడుగంటితే గాలి పీల్చగల చేపలే మిగులుతాయి. కొరమేను, మార్పు బురదలోనూ ప్రాణం నిలుపుకుంటాయి. ముళ్లు తక్కువ, కండ గట్టి కనుక కొరమేనుకు ఇప్పటికీ ధర ఎక్కువే. నా ఓటూ దానికే.

బొచ్చె, రవ్వ అలా కాదు. పారే వరద నీరు లేనిదే అవి గుడ్లు పెట్టవు, చెరువులో వాటంతట అవి సంతతిని పెంచుకోవు. 1957లో ఒడిశాలో హీరాలాల్ చౌదురి పిట్యూటరీ గ్రంథి రసాన్ని సూదితో ఎక్కించి వీటి జాతి చేపల చేత గుడ్లు పెట్టించాక, పిల్లలను కేంద్రాల్లో పుట్టించి చెరువుల్లో వదలడం వీలైంది.

తర్వాతి మలుపు ఆనకట్టలది. జూరాల కట్టాక గట్టు పక్కనే చేపలు వేయించి అమ్మే దుకాణాలు వెలిశాయి. దారిన పోయేవాళ్లు ఆగి తిని పోతారు. దిగువన 1980ల్లో శ్రీశైలం జలాశయం కృష్ణ ఒడ్డు ఊళ్లను ముంచింది. పొలాలు పోయిన చోట వేట పెరిగింది. విశాఖ వైపు నుంచి సముద్రపు వేట తెలిసిన కుటుంబాలు కూడా వచ్చి ఒడ్డున గుడిసెలు వేసుకున్నాయి.

ఇదే జలాశయం ఒడ్డున, కొల్లాపూర్, సోమశిల వైపు తగువు అలివి వలలతో ముదిరింది. వీటి కన్ను దోమతెరంత సన్నం, చేపపిల్లనూ వదలదు. నిషేధం ఉన్నా వాడకం ఆగలేదు. 2016 నుంచి ప్రభుత్వం ఉచితంగా చేపపిల్లలను వదులుతోంది. అవి కూరకు పనికొచ్చేంత పెరగకముందే వలలో పడి, ఎండుచేపలై సంతకెళ్తున్నాయి. స్థానిక మత్స్యకారుల కోపమంతా ఈ వలలు వేసే బయటివాళ్ల మీదే. నా మటుకు, ఆ ఎండుచేపలు టోకుగా కొనే వ్యాపారిని అడగకుండా పట్టుకున్న వలలు మాత్రమే కాల్చడం సగం పనే.