ఎండను పట్టిన పెట్టె

ఏప్రిల్ నెల మధ్యాహ్నమున, అద్దములన్నియు మూసి ఎండలో నిలిపియుంచిన కారు తలుపు తెరచినచో లోపలి వేడిగాలి గుప్పున మొగమునకు కొట్టును. వెలుపల నీడలో 40 డిగ్రీల సెంటిగ్రేడు ఉన్ననాడు లోపల 60 డిగ్రీలు దాటుట వింత గాదు. కారులో పొయ్యి లేదు. ఇంజను ఆగి రెండు గంటలైనది. లోపలికి వచ్చినది ఎండ. బయటికి పోలేకపోయినది వేడి. సంగతి ఇంతే.

ఈ చిన్న సంగతిని కొలిచి చూచిన పండితుడొకడు కలడు. దానితో ఇల్లు వెచ్చచేసికొనిన బీదవారును కలరు. కాని పండితుని బల్లమీది పెట్టె, పాతసామానుతో కట్టినదై, బీదవాని ఇంటి గోడమీదికి చేరుటకు రెండు వందల యేండ్లు పట్టినది. అంత ఆలస్య మెందుకైనదో విచారించుట మనకు లాభకరము.

జెనీవా పండితుని పెట్టె

18 వ శతాబ్దమున ఐరోపాలో గాజు పలకల వాడుక పెరిగినది. ధనికులు గాజు గదులు కట్టించి, చలి దేశములలోను ఉష్ణదేశపు పండ్ల చెట్లను పెంచుచుండిరి. గాజు గది వెచ్చబడునని అందరికిని తెలియును. ఎంత వెచ్చబడునో కొలువవలెనని తలచినవాడు హొరేస్ బెనెడిక్ట్ ద సోసూర్. స్విట్జర్లాండులోని జెనీవా నగరము అతని నివాసము; ఆల్ప్స్ పర్వతములు అతని ప్రయోగశాల.

1767 లో, తన 27 వ యేట, సోసూర్ ఐదు గాజు పెట్టెలను ఒకదానిలో నొకటి ఇమిడునట్లు చేయించి, నల్లని కొయ్యబల్లపై బోర్లించి ఎండలో నుంచెను. సూర్యుడు జరిగినకొలది పెట్టెలను అటు త్రిప్పుచుండెను. వెలుపలి పెట్టె అన్నిటికంటె తక్కువగాను, నడిమిది అన్నిటికంటె ఎక్కువగాను వేడెక్కెను. నడిమి పెట్టెలో 87.5 డిగ్రీలు కనబడినవి. అందులో నుంచిన పండ్లు ఉడికి రసమూరెను.

తరువాత అతడు మరియొక పెట్టెను చేసెను. దేవదారు జాతి కొయ్యతో గోడలు, లోపల నల్లని బెండు తొడుగు, పైన ఎడముగా మూడు గాజు పలకలు. ఇందులో ఉష్ణోగ్రత 109 డిగ్రీలకు పెరిగినది. నిప్పు లేకయే నీరు మరగు వేడి దాటినదన్నమాట!

సోసూర్ అంతటితో ఆగలేదు. 1774 లో ఈ పెట్టెను క్రామోన్ అను శిఖరమునకు మోయించుకొని పోయెను. అక్కడి గాలి సుమారు 6 డిగ్రీలు మాత్రమే. పెట్టెలో సుమారు 88 డిగ్రీలు. మరునాడు దిగువ మైదానమున గాలి 25 డిగ్రీలుండగా, పెట్టెలోని వేడి దాదాపు అంతే. దీనినిబట్టి కొండమీద చలి యుండుటకు ఎండ బలహీనమగుట కారణము కాదని తేలినది. ఎండ రెండుచోట్లను దాదాపు సమానమే. పలుచని గాలి వేడిని నిలుపుకొనజాలదు. 1824 లో ఫ్రెంచి గణితవేత్త ఫూరియే భూగోళపు ఉష్ణమును విచారించుచు ఈ పెట్టెనే దృష్టాంతముగా గైకొనెను. భూమిచుట్టు నున్న వాయుమండలము గురించిన పెద్ద ఆలోచనకు ఒక కొయ్యపెట్టె ఊత ఇచ్చినది.

గాజు చేయు పని

లోపల వేడి ఎట్లు చిక్కుకొనుచున్నది? సూర్యకాంతిలో అధికభాగము తక్కువ తరంగదైర్ఘ్యము గలది. గాజు దానిని ఆపదు. లోపలి నల్లని తలము ఆ కాంతిని పీల్చి వేడెక్కును. వేడెక్కిన ఆ తలమును కిరణములను వెలువరించును గాని, అవి సూర్యకాంతికంటె పదిరెట్లకు పైగా తరంగదైర్ఘ్యము గల పరారుణ కిరణములు. గాజు వీనిని దాటనీయదు.

పాఠ్యపుస్తకములు తరచు ఇక్కడ ఆగిపోవును. కాని 1909 లో అమెరికా భౌతికశాస్త్రజ్ఞుడు ఆర్. డబ్ల్యు. వుడ్ ఒక చక్కని పరీక్ష చేసెను. ఒక పెట్టెపై గాజు పలకను, మరియొకదానిపై పరారుణ కిరణములను సహితము పోనిచ్చు రాతి ఉప్పు పలకను అమర్చెను. రెండు పెట్టెలును ఇంచుమించు సమానముగనే వేడెక్కినవి. అనగా మూత చేయు ముఖ్యమైన పని గాలిని కదలనీయకుండుట. వేడిగాలి పైకి లేచి పోవుటను, చలిగాలి వచ్చి తాకుటను అది ఆపును. కిరణములను ఆపుట దానికి తోడు. ఇంట పెట్టె కట్టువానికి ఈ విషయము మిక్కిలి ముఖ్యము: ఖరీదైన గాజు లేకున్నను పని జరుగును గాని, సందులున్నచో జరుగదు.

తెరవెనుక వేడి

పెట్టెలోని వేడిని గదిలోనికి తెచ్చిన గౌరవము ఒక జంతుశాస్త్రజ్ఞునిది. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రపు సేలం నగరమున ఎడ్వర్డ్ మోర్స్ అనునతడు గవ్వజీవులను పరిశోధించెడివాడు. 1877 లో జపాను వెళ్లి అక్కడి విశ్వవిద్యాలయమున బోధించెను. కిటికీకి వ్రేలాడు నల్లని తెరపై ఎండ పడినప్పుడు, తెరకును అద్దమునకును నడుమ వేడిగాలి పైకి పారుచుండుట అతడు గమనించెను. ఎందరో చూచి ఊరకున్న విషయమే. మోర్స్ మాత్రము దక్షిణపు గోడకు నల్లరంగు పూసిన పలకరాతి బిళ్లలను, వాని ముందు గాజును బిగించి, గోడకు క్రింద నొక రంధ్రము, పైన నొక రంధ్రము పెట్టించెను. గదిలోని చల్లనిగాలి క్రిందినుండి పెట్టెలోనికి పోయి, వేడెక్కి, పైరంధ్రమున గదిలోనికి తిరిగివచ్చును. యంత్రము లేదు, ఉష్ణసంవహనమే పంకా. 1881 సెప్టెంబరులో దీనికి పేటెంటు లభించినది.

బొగ్గు చవుకగా దొరకు కాలమది. మోర్స్ గోడలు కొన్ని భవనములకే పరిమితమై మరుగునపడినవి. 86 యేండ్లకు తరువాత, 1967 లో, ఫ్రాన్సు దేశపు పిరెనీస్ పర్వతములలోని ఓదెయ్యో గ్రామమున ఫెలిక్స్ ట్రాంబ్, వాస్తుశిల్పి జాక్ మిషెల్ కలిసి ఇట్టి గోడతోనే ఇల్లు కట్టిరి. పలకరాతికి బదులు సుమారు 60 సెంటీమీటర్ల మందము గల కాంక్రీటు గోడ. పగటి వేడి దానిలో నిలిచి రాత్రి మెల్లగా గదిని చేరును. నేడు దీనిని ట్రాంబ్ గోడ అందురు. మోర్స్ పేరు తలచువారు అరుదు.

నడుమ మరి రెండు యత్నములు జరిగినవి. రెండవ ప్రపంచయుద్ధ కాలమున ఇంధనపు కొరత ఏర్పడగా, కొలరాడో విశ్వవిద్యాలయమున జార్జి లోఫ్ పరిశోధన ప్రారంభించి, 1945 లో తన ఇంటి కప్పుపై గాలిని వేడిచేయు గాజు పలకల అమరికను పెట్టెను. 1957 లో డెన్వరు నగరమున కట్టుకొనిన ఇంటిలో వేడిని గులకరాళ్లతో నింపిన ఎత్తైన గొట్టములలో నిలువచేసెను. 1948 లో మసాచుసెట్స్‌లోని డోవరులో మరియా టెల్కిస్ రూపొందించిన ఇంటిలో, వేడిగాలిని గ్లాబర్ లవణపు పెట్టెలమీదుగా పంపిరి. ఆ లవణము 32 డిగ్రీల వద్ద కరగుచు వేడిని దాచుకొనును, గడ్డకట్టుచు తిరిగి ఇచ్చును. రెండు శీతకాలములు బాగుగనే గడచినవి. మూడవ శీతకాలమునకు లవణము పొరలుగా విడిపోయి, వేడిని దాచు శక్తి కోలుపోయినది. రాళ్లు మాత్రము విడిపోవు. లోఫ్ ఇంటి రాళ్లు దశాబ్దములపాటు పనిచేసినవి.

కట్టె కరవైన లోయ

ఇంతవరకు చెప్పినవన్నియు పండితుల ఇండ్లు, ధనసహాయము గలవారి ఇండ్లు. ఇక కొలరాడో రాష్ట్రపు దక్షిణమున సాన్ లూయిస్ లోయకు పోదము. సముద్రమట్టమునకు సుమారు 2,300 మీటర్ల ఎత్తు. శీతకాలపు రాత్రి ఉష్ణోగ్రత సున్నకు 20 డిగ్రీల క్రిందికి దిగుట కలదు. పగలు మాత్రము నిర్మలమైన ఎండ. అక్కడి స్పానిషు భాషా కుటుంబములు 1863 నాటి పత్రమునుబట్టి ప్రక్క కొండలలో వంటచెరకు తెచ్చుకొనుచుండిరి. 1960 లో ఆ కొండ, సుమారు 77,000 ఎకరములు, ఒక పరరాష్ట్రవాసి కొనుగోలు చేసి దారులు మూయించెను. చలి మానలేదు; కట్టె మానినది. 1973 లో చమురు సంక్షోభము వచ్చి కొనెడు ఇంధనముల ధరలును మండినవి.

అప్పుడు లోయవాసులు, 1970 దశకము చివర, తమ చేతులతోనే గాలిపెట్టెలను కట్టుకొనసాగిరి. ఆ దశకమున అమెరికాలో ఇట్టివి కట్టినవారు వాడిన సామగ్రి చూడుడు: పడగొట్టిన ఇండ్ల కిటికీ అద్దములు, ముద్రణాలయములు పారవేసిన అల్యూమినియం రేకులు, పానీయముల ఖాళీ డబ్బాలు, నల్లరంగు, పాత కొయ్య. డబ్బాల అడుగులు తొలచి ఒకదానిపై నొకటి నిలిపిన గాలి పోవు నిలువు గొట్టములగును. ఆ అక్షాంశమున డిసెంబరు మధ్యాహ్నపు సూర్యుడు క్షితిజమునకు సుమారు 29 డిగ్రీల ఎత్తుననే యుండును. కావున దక్షిణపు గోడకు నిలువుగా బిగించిన పెట్టెకు ఎండ బాగుగా తగులును. వేసవిలో సూర్యుడు పైకెక్కగా వేడి దానంతట అదే తగ్గును. ఒక చిక్కు కలదు. రాత్రి పెట్టె చల్లబడగా గాలి వెనుదిరిగి పారి గదిలోని వేడిని హరించును. దీనికి మందు రంధ్రమునకు వ్రేలాడదీసిన పలుచని ప్లాస్టిక్ కాగితము. గాలి ఒకవైపు పారిన తెరచుకొనును, వెనుదిరిగిన మూసికొనును.

ఇట్టి పెట్టె ఎంత వేడి నిచ్చును? నిర్మలమైన మధ్యాహ్నమున సూటిగా ఎండ తగులు ఒక చదరపు మీటరు తలముపై సుమారు 1,000 వాట్ల శక్తి పడును. అందులో సగము గాలికి చేరినదనుకొందము: 500 వాట్లు. ఒక ఘనపు మీటరు గాలి 1.2 కిలోగ్రాములు, కిలోగ్రామును ఒక డిగ్రీ వేడిచేయుటకు సుమారు 1,000 జౌళ్లు కావలెను. లెక్కించిన, నిమిషమునకు ఒక ఘనపు మీటరు గాలి 25 డిగ్రీలు వేడెక్కును. ఇల్లంతటికి చాలదు, ఒక గదిలో పగటి చలి విరుగుటకు చాలును.

చమురు ధరలు 1986 లో పడిపోయినవి. సౌర పరికరములకు అమెరికా ప్రభుత్వమిచ్చిన పన్ను రాయితీ 1985 తో ముగిసినది. మోర్స్ గోడకు పట్టిన గతియే ఈ పెట్టెలకును పట్టినది. సాన్ లూయిస్ ప్రజలకు కొండమీద కట్టె హక్కును కొలరాడో సర్వోన్నత న్యాయస్థానము 2002 లో తిరిగి ఇచ్చినది. ఈ చరిత్రయందు శాస్త్రము ఎన్నడును వెనుకబడలేదు. ఇంధనము ప్రియమైన ప్రతిసారి పెట్టె జ్ఞప్తికి వచ్చినది. చవుకైన ప్రతిసారి మరపునకు వచ్చినది.

మన పెట్టె

మన దేశమున లడఖ్ ప్రాంతమున ట్రాంబ్ గోడల ఇండ్లు కలవు. ఆంధ్ర, తెలంగాణములకు గది వెచ్చచేయు పెట్టెతో అంత పని లేదు. కాని గుంటూరు రైతు కల్లములో మిరపకాయ ఆరబోసి, మబ్బు పట్టినప్పుడెల్ల పరుగెత్తి పరదా కప్పుట మనమెరుగుదుము. పది పదిహేను రోజుల ఆరబెట్టులో వాన తగిలిన కాయకు బూజు పట్టును. ఆ బూజులలో కొన్నిటివలన అఫ్లటాక్సిన్ అను విషము చేరును. 30 డిగ్రీల వద్ద 60 శాతము సాపేక్ష ఆర్ద్రత గల గాలిని 50 డిగ్రీలకు వేడిచేసిన, ఆర్ద్రత సుమారు 20 శాతమునకు పడిపోవును. అట్టి గాలి కాయలోని తేమను ఆత్రముగా త్రాగును. గది వెచ్చచేయు పెట్టెయే ఇక్కడ ఆరబెట్టు పెట్టె యగును.

రెండేండ్ల క్రిందట మా కళాశాల విద్యార్థులతో ఇట్టిదొకటి కట్టించితిని. పాత కిటికీ గాజు, నూనెడబ్బాల రేకు, నల్లరంగు, వేడి పోకుండ చుట్టును థర్మకోలు. గాలి రంధ్రములు ఇంకను తొలచలేదు; చూతమని ఎండలో పెట్టితిమి. గంట గడచునప్పటికి థర్మకోలు మెత్తబడి క్రుంగి, గాజు జారి పగిలినది. గాలి కదలని పెట్టె నూరు డిగ్రీలు దాటగలదని సోసూర్ కొలిచిన సంగతిని ముందటి వారమే తరగతిలో చెప్పినవాడను నేను. కట్టించునప్పుడు మరచినవాడను నేనే. రెండవ పెట్టెకు థర్మకోలు మాని కొబ్బరిపీచు కూరితిమి. గాజు అంచులకు పాత సైకిలు ట్యూబు కత్తిరించి బిగించితిమి. రంగు వాసన పోవువరకు నాలుగు రోజులు ఖాళీగా ఎండనిచ్చితిమి. అది నేటికిని నిలిచియున్నది.

ఉపాధ్యాయులకు నా విన్నపము. రెండు అట్టపెట్టెలు, రెండు ఉష్ణమాపకములు, ఒక గాజు ముక్క, కొంచెము మసి చాలును. ఒక పెట్టెను మూసి, రెండవదాని గాజు ప్రక్కకు జరిపి, పది నిమిషముల కొకసారి కొలతలు వ్రాయించుడు. తేడా ఎందువలన కలిగినదో పిల్లలనే అడుగుడు. జవాబు దొరికిన తరువాత పాతసామానుల కొట్టుకు వారిని తీసికొనిపోవుడు. ఇంధనపు ధర మరల పెరుగునాటికి పెట్టె కట్ట నేర్చినవారు ఊరికొక్కరైనను ఉండవలెను.